ఐస్ పుల్లల ట్రస్ వంతెన: ముందు లెక్క, తర్వాత జిగురు

బీటెక్ ఫస్టియర్ పిల్లలు ప్రతి ఏడాదీ అడిగే ప్రశ్న ఒకటే. "సార్, మా గ్రూపుకి ఐస్ పుల్లల వంతెన ఇచ్చారు. ఎక్కడ మొదలుపెట్టాలి?" చాలామంది జవాబు వినేలోపే జిగురు డబ్బా తెరిచేస్తారు. వీడియోలో నచ్చిన ఆకారం చూసి రాత్రికి రాత్రే కట్టేస్తారు. టెస్ట్ రోజున అది ఎనిమిది కిలోలకే విరగొచ్చు, పాతిక కిలోలు మోయనూ వచ్చు. ఎందుకు మోసిందో, ఎందుకు విరిగిందో మాత్రం గ్రూపులో ఎవరూ చెప్పలేరు.

ఈ ప్రాజెక్టు మీ నుంచి కోరేది ఒక్కటే: కట్టకముందే "ఇది ఇన్ని కిలోలకు, ఫలానా చోట విరుగుతుంది" అని కాగితం మీద రాయగలగాలి. ఆ అంచనా తప్పినా ఫర్వాలేదు. రాయకుండా కడితే మాత్రం చేతికి జిగురు తప్ప ఏమీ మిగలదు. మీది సివిల్ కాదు, సీఎస్ఈ అయినా సరే, అవసరాన్ని అంకెల్లో పెట్టడం, లెక్కకట్టడం, కట్టి పరీక్షించడం అనే పద్ధతి మారదు.

కింద ఒక ట్రస్ వంతెనను, అంటే పుల్లలను త్రిభుజాలుగా కలిపి కట్టిన చట్రాల వంతెనను, మొదటి నుంచి చివరిదాకా లెక్కలతో సహా చూపిస్తాను. మీ కాలేజీ ఇచ్చిన కొలతలు వేరైతే అంకెలు మార్చుకోండి, అడుగులు ఇవే.

కావలసినవి

- ఐస్ పుల్లలు 100. మామూలుగా దొరికేవి 114 మి.మీ. పొడవు, 10 మి.మీ. వెడల్పు, 2 మి.మీ. మందం ఉంటాయి. మీ ప్యాకెట్‌లోవి ఒకసారి కొలవండి.
- ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు. ఫెవిక్విక్ తొందరగా పడుతుంది కానీ అతుకు పెళుసుగా ఉంటుంది, దెబ్బ తగిలితే టక్కున ఊడుతుంది. హాట్ గ్లూ మెత్తగా సాగుతుంది, బరువు పడ్డాక జాయింట్లు జారతాయి. ఈ పనికి ఆ రెండూ వద్దు.
- బట్టల క్లిప్పులు రెండు డజన్లు
- గ్రాఫ్ కాగితం, దాని మీద పరచడానికి పల్చటి ప్లాస్టిక్ షీట్
- కట్టర్ లేదా చిన్న ఆక్సా బ్లేడు, గరుకు కాగితం
- 10 కిలోల దాకా తూగే వంటింటి డిజిటల్ కాటా
- 20 లీటర్ల బకెట్, లీటరు సీసా, గట్టి తాడు, 8 మి.మీ. ఇనుప కడ్డీ ముక్క, రెండు సి-క్లాంపులు
- కళ్లద్దాలు. ల్యాబ్‌లో ఇచ్చే ప్లాస్టిక్‌వి చాలు, కానీ తప్పనిసరి.

1. అవసరాన్ని అంకెల్లో రాయండి

"బలమైన, తేలికైన వంతెన" అని రాస్తే దాన్ని ఎవరూ పరీక్షించలేరు. ఇలా రాయండి: రెండు బల్లల మధ్య 380 మి.మీ. ఖాళీని దాటాలి. మధ్యలో వేలాడదీసిన 20 కిలోల బరువును ఒక నిమిషం మోయాలి. సొంత బరువు 120 గ్రాములు మించకూడదు. ఐస్ పుల్లలు, తెల్ల జిగురు తప్ప ఇంకేమీ వాడకూడదు.

ప్రతి వాక్యం చివర "దీన్ని ఎలా కొలుస్తాను?" అని వేసుకోండి. స్కేలు, కాటా, గడియారం, వీటిలో ఒకదానితో తేలకపోతే ఆ వాక్యం తిరగరాయాలి. చాలా గ్రూపులు ఇక్కడ ఐదు నిమిషాలు కూడా పెట్టవు. తర్వాత "బరువు మధ్యలో వేలాడాలా, పైన పెట్టాలా" అని టెస్ట్ రోజున గొడవ పడతారు.

2. ఆకారం ఎంచుకోండి

దీనికి ఎక్కువ సమయం పెట్టకండి. ప్రాట్, హౌ, వారెన్ అని రకరకాల ట్రస్‌లు ఉన్నాయి. అన్నిటిలోనూ మూల సూత్రం త్రిభుజమే, ఎందుకంటే భుజాల పొడవు మారకుండా త్రిభుజం ఆకారం మారదు. రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద 1974లో ప్రారంభమైన రోడ్డు-రైలు వంతెన మీదుగా రైల్లో వెళ్తే కిటికీలోంచి వరసగా కదిలిపోయే ఏటవాలు ఉక్కు మెంబర్లు (చట్రంలోని ఒక్కో కడ్డీని మెంబర్ అంటారు) చేసే పని ఇదే.

పుల్లలన్నీ ఒకే పొడవు కాబట్టి నా సలహా వారెన్ ట్రస్. 1848లో బ్రిటన్‌లో పేటెంట్ పొందిన ఈ ఆకారంలో అన్నీ సమబాహు త్రిభుజాలే. కోత పని తక్కువ, లెక్క తేలిక.

మన వంతెనకు ఇలాంటి ట్రస్‌లు రెండు, వాటి మధ్య 80 మి.మీ. ఎడం. ప్రతి త్రిభుజం భుజం 100 మి.మీ. కింది వరసలో 4 మెంబర్లు, పై వరసలో 3, ఏటవాలువి 8, మొత్తం 15. జాయింట్లు కింద 5, పైన 4, మొత్తం 9. ఒక చిన్న పరీక్ష: జాయింట్ల సంఖ్యను రెట్టింపు చేసి 3 తీసేస్తే మెంబర్ల సంఖ్య రావాలి. 18 లోంచి 3 పోతే 15. సరిపోయింది. మెంబర్లు తక్కువైతే ట్రస్ కూలుతుంది. ఎక్కువైతే కూలదు కానీ మీ ఫస్టియర్ మెకానిక్స్‌తో లెక్క తేలదు.

కింది జాయింట్లకు ఎడమ నుంచి ఎ, బి, సి, డి, ఇ అని పేర్లు పెట్టండి. పై వాటికి 1, 2, 3, 4. బరువు పడేది సి దగ్గర.

3. పుల్ల బలం మీరే కనుక్కోండి

ఎక్కువమంది వదిలేసే అడుగు ఇదే, నాకు బాగా ఇష్టమైనదీ ఇదే. ఇంటర్నెట్‌లో దొరికిన చెక్క బలం మీ ప్యాకెట్‌లోని పుల్లది కాదు.

కాటాను బల్ల మీద పెట్టి ఆన్ చేయండి. ఒక పుల్లను దాని మీద నిటారుగా నిలబెట్టి, పై చివర అరచేతితో నెమ్మదిగా కిందికి నొక్కండి. అంకె పెరుగుతూ పోతుంది: రెండు కిలోలు, మూడు, నాలుగు. ఒక దశలో పుల్ల నడుము దగ్గర విల్లులా పక్కకు వంగుతుంది. అక్కడి నుంచి ఎంత నొక్కినా అంకె పెద్దగా పెరగదు. ఆ అంకె రాసుకుని చెయ్యి తీసేయండి. పుల్ల విరగలేదు, నిటారుగా వచ్చేస్తుంది. చెక్క నలగలేదు, చీలలేదు, అయినా బరువు మోయడం మానేసింది. బక్లింగ్ అంటే ఇదే. పుస్తకంలో ఆయిలర్ ఫార్ములా (పుల్ల ఎంత బరువుకు ఇలా వంగుతుందో చెప్పేది) పదిసార్లు చదివినా రాని అవగాహన ఈ ఒక్క నొక్కుడుతో వస్తుంది.

కనీసం పది పుల్లలతో ఇలా చేయండి. 114 మి.మీ. పుల్లకు 5 కిలోల అటూ ఇటూ రావాలి. సగటు తీసుకోవద్దు, అన్నిటికంటే తక్కువ వచ్చిన అంకె తీసుకోండి. ఎందుకంటే వంతెన విరిగేది బలహీనమైన పుల్ల దగ్గరే. అరచేతిని గట్టిగా అదిమి పుల్ల చివర తిరగకుండా పట్టేస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది, వదులుగా నొక్కండి.

మన త్రిభుజంలో పుల్ల పొడవు జాయింటు నుంచి జాయింటుకు 100 మి.మీ. మాత్రమే. బక్లింగ్ బలం పొడవు వర్గానికి విలోమంగా మారుతుంది. కాబట్టి 5.2 కిలోలు వచ్చిందనుకుంటే, దాన్ని 1.14 వర్గంతో, అంటే 1.3తో గుణించండి. 6.76 కిలోలు, సుమారు 66 న్యూటన్లు. దీన్ని ఆయిలర్ ఫార్ములాతోనూ సరిచూసుకోవచ్చు. పుల్ల జడత్వ భ్రామకం (వంపును దాని ఆకారం ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె) వెడల్పు × మందం ఘనం ÷ 12, అంటే 10 × 8 ÷ 12 = 6.67. యంగ్స్ మాడ్యులస్ (చెక్క ఎంత బిగువో చెప్పే అంకె) 10,000 న్యూటన్లు/చ.మి.మీ. అనుకుని వేస్తే అదే 66 దగ్గరికి వస్తుంది. మీ కాటా చూపిన అంకె దీనికి సగమో రెట్టింపో ఉంటే ముందు పుల్ల మందం మళ్లీ కొలవండి. మందం ఘనంలో ఉంది కాబట్టి 2 మి.మీ. బదులు 1.6 ఉన్నా బలం సగానికి పడిపోతుంది.

అదే సూత్రం మీకు ఒక వరం కూడా ఇస్తుంది. రెండు పుల్లలు ముఖాముఖి పూర్తిగా అతికిస్తే మందం రెండింతలు, బక్లింగ్ బలం లెక్క ప్రకారం ఎనిమిదింతలు, 66 × 8 = 528 న్యూటన్లు. అతికించకుండా పక్కపక్కన పెడితే రెండింతలే.

లాగే బలం గురించి భయం అక్కర్లేదు. పుల్ల అడ్డుకోత వైశాల్యం 20 చ.మి.మీ. చ.మి.మీ.కి 40 న్యూటన్లని జాగ్రత్తగా లెక్కేసినా 800 న్యూటన్లు వస్తుంది. లాగినప్పుడు ముందు ఊడేది జిగురు అతుకు. అందుకే రెండు పుల్లలను చివరల దగ్గర 10 మి.మీ. మేర ఒకదాని మీద ఒకటి అతికించిన నమూనాలు మూడు చేసి, ఒక రోజు ఆరనివ్వండి. ఒక చివర బల్ల అంచుకు క్లాంప్ చేసి, రెండో చివర ఇంకో క్లాంపుకు బకెట్ తగిలించి, ఊడేదాకా నీళ్లు పోయండి, బకెట్ చాలకపోతే తూచిన ఇసుక సంచులు వేయండి. అక్కడ కూడా అతి తక్కువ అంకెనే తీసుకోండి.

4. ప్రతి మెంబర్‌లో ఎంత బలం ఉందో లెక్కకట్టండి

20 కిలోలంటే 196 న్యూటన్లు, 200 అనుకోండి. ట్రస్‌లు రెండు కాబట్టి ఒక్కోదానికి 100. ఈ సగం చేయడం మర్చిపోయేవాళ్లు చాలామంది. కిలోలను న్యూటన్లుగా మార్చకుండా లెక్క మొదలుపెట్టేవాళ్లు ఇంకా ఎక్కువ. కాగితం పైన ప్రమాణం పెద్ద అక్షరాల్లో రాసి పెట్టుకోండి.

బరువు సరిగ్గా మధ్యలో ఉంది, కాబట్టి ఎ దగ్గర ఆధారం పైకి 50 న్యూటన్లు నెడుతుంది, ఇ దగ్గర 50.

జాయింట్ ఎ దగ్గర మొదలుపెట్టండి. పైకి 50 ఉంది, దాన్ని తుల్యం చేయగలిగింది ఏటవాలు ఎ-1 ఒక్కటే. 50 ÷ సైన్ 60, అంటే 50 ÷ 0.866 = 57.7. ఇది జాయింట్‌ను కిందికి నెట్టాలి, కాబట్టి కంప్రెషన్, అంటే మెంబర్ నొక్కుడుకు గురవుతోంది. దాని అడ్డ భాగం 57.7 × 0.5 = 28.9. దాన్ని తుల్యం చేసేది ఎ-బి, అది టెన్షన్, అంటే లాగుడు.

తర్వాత జాయింట్ 1, ఆపైన బి, 2. ప్రతి జాయింట్ దగ్గర తెలియనివి రెండుకు మించకుండా చూసుకుంటూ వెళ్తే చిక్కు రాదు. మూడు తెలియనివి కనిపిస్తే మీరు తప్పు జాయింట్‌కు దూకారన్నమాట. ట్రస్ సౌష్ఠవంగా ఉంది కాబట్టి సగం చేస్తే చాలు. చివరికి ఇలా రావాలి (న్యూటన్లలో):

- ఎ-బి, డి-ఇ: 28.9 టెన్షన్
- బి-సి, సి-డి: 86.6 టెన్షన్
- 1-2, 3-4: 57.7 కంప్రెషన్
- 2-3: 115.5 కంప్రెషన్
- ఏటవాలు ఎ-1, బి-2, 3-డి, 4-ఇ: 57.7 కంప్రెషన్
- ఏటవాలు 1-బి, 2-సి, సి-3, డి-4: 57.7 టెన్షన్

సాఫ్ట్‌వేర్ వాడొచ్చా అని అడుగుతారు. వాడండి, కానీ చేత్తో ఒకసారి చేశాకే. బరువును తప్పు జాయింట్ మీద పెట్టినా సాఫ్ట్‌వేర్ అందమైన రంగుల బొమ్మ ఇస్తుంది, అది తప్పని పట్టుకోవాల్సింది మీరే.

5. లెక్క సరిపోయిందో లేదో చూసుకోండి

రెండు పరీక్షలు చాలు. మొదటిది, మీరు లెక్కలో వాడని జాయింట్ సి దగ్గరికి వెళ్లండి. రెండు ఏటవాలు మెంబర్లు పైకి లాగుతున్నాయి: 2 × 57.7 × 0.866 = 100. కిందికి వేలాడుతున్నదీ 100. సరిపోయింది.

రెండోది, ట్రస్‌ను మధ్యలో ఊహలో కోయండి. సి చుట్టూ భ్రామకం (బలం × దూరం) తీసుకుంటే 50 × 200 ని ఎత్తు 86.6తో భాగించాలి, 115.5 వస్తుంది. మెంబర్ 2-3 లో మనకు వచ్చిందీ అదే. దారులు వేరైనా అంకె ఒకటే వస్తే ధైర్యంగా ముందుకు వెళ్లొచ్చు. రాకపోతే ఎక్కువసార్లు తప్పు గుర్తు దగ్గరే ఉంటుంది. టెన్షన్ ప్లస్ అనుకుని మొదలుపెట్టి మధ్యలో మార్చేసి ఉంటారు.

6. ఎక్కడ ఎన్ని పుల్లలు

ఇప్పుడు డిమాండ్‌నీ బలాన్నీ పక్కపక్కన పెట్టండి. 2-3 మీద 115.5 పడుతుంది, ఒంటి పుల్ల మోసేది 66. అంటే అన్నీ ఒంటి పుల్లలతో కడితే ఈ వంతెన 11, 12 కిలోల దగ్గరే పక్కకు వంగిపోతుంది. చూడటానికి ఎంత బాగున్నా సరే.

కంప్రెషన్ ఏటవాలు మెంబర్లు 57.7 మోయాలి, ఒంటి పుల్ల బలం 66. పాస్ అయినట్టే కనిపిస్తుంది కానీ మిగులు పదిహేను శాతం కూడా లేదు. కొంచెం వంకర పుల్ల పడితే అయిపోయింది. కనీసం రెండు రెట్ల మిగులు పెట్టుకోండి. కాబట్టి కంప్రెషన్‌లో ఉన్న ఏడు మెంబర్లూ జంట పుల్లలు, టెన్షన్‌లో ఉన్న ఎనిమిదీ ఒంటి పుల్లలు.

జంట పుల్లకు లెక్క ప్రకారం 528 వచ్చినా నేను అందులో సగమే నమ్ముతాను. చేత్తో పూసిన జిగురు అంతటా సమంగా పట్టదు, మెంబర్లు పొరలు పొరలుగా ఉండటం వల్ల బలం సరిగ్గా నడిమధ్య నుంచి వెళ్లదు. 260 అనుకుంటే 260 ÷ 115.5 = 2.25 రెట్లు. అంటే 45 కిలోల దగ్గర 2-3 మెంబర్ పోతుందని అంచనా. మీ అతుకుల పరీక్షలో 30 కిలోల కంటే తక్కువకే ఊడిపోయి ఉంటే, మెంబర్ కంటే ముందు జాయింట్ పోవచ్చు. రెండూ లెక్కేసి ఏది చిన్నదో అది రాయండి.

కంప్రెషన్ మెంబర్‌ను తేలిగ్గా తీసుకోవద్దని ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. 1907 ఆగస్టు 29న కెనడాలో క్విబెక్ వంతెన కడుతుండగానే కూలి 75 మంది కార్మికులు చనిపోయారు. కంప్రెషన్‌లో ఉన్న కింది వరస మెంబర్లు వంగిపోయాయి. వంతెన అసలు సొంత బరువు డిజైన్‌లో అనుకున్నదాని కంటే ఎక్కువని తెలిసినా లెక్కలు మళ్లీ సరిగా చూడలేదు. కూలడానికి ముందే ఆ మెంబర్లలో వంపు కంటికి కనిపించింది.

7. అంచనా రాసి సంతకం పెట్టండి

ఎన్ని కిలోలు, ఏ మెంబర్ లేదా ఏ జాయింట్, ఏ విధంగా విరుగుతుంది. మూడూ ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, గ్రూపులో అందరూ సంతకం పెట్టి మీ లెక్చరర్‌కు ఇచ్చేయండి. జిగురు ముట్టుకునేది దీని తర్వాతే.

8. కట్టండి

పుల్లలను ముందు ఏరండి. ఒక్కోదాన్నీ బల్ల మీద పడుకోబెట్టి కింద వెలుతురు కనిపిస్తే పక్కన పెట్టేయండి. మెలి తిరిగినవి, ముడి ఉన్నవి కూడా. వాటిని అడ్డ పుల్లలుగా వాడుకోవచ్చు. ప్యాకెట్‌లో పాతిక దాకా ఇలా పోయినా బాధపడకండి.

గ్రాఫ్ మీద ట్రస్‌ను అసలు సైజులో గీసి, పైన ప్లాస్టిక్ షీట్ పరిచి టేప్ వేయండి. రెండు ట్రస్‌లనూ అదే బొమ్మ మీద ఒకదాని తర్వాత ఒకటి కట్టండి. వేర్వేరు బొమ్మల మీద ఇద్దరు కడితే రెండు మూడు మిల్లీమీటర్ల తేడా వస్తుంది. ఆ తేడా వల్ల బరువంతా ఒక ట్రస్ మీదకే పోతుంది.

కింది వరస: పుల్లలను 100 మి.మీ.కు కోసి చివరలు తాకేలా పేర్చండి. చివరకు చివర అతికిస్తే లాగినప్పుడు ఏమాత్రం ఆగదు. బి, సి, డి దగ్గర వెనక వైపు 60 మి.మీ. అతుకు ముక్క ఒకటి తప్పనిసరిగా వేయండి, అటు 30, ఇటు 30.

పై వరస: ఇది రెండు పొరలు. మొదటి పొరలో మూడు 100 మి.మీ. ముక్కలు. రెండో పొర 50, 100, 100, 50 గా కోసి, గోడలో ఇటుకల్లాగా ఒక పొర అతుకు మీద రెండో పొర నడుము వచ్చేలా పెట్టండి.

ఏటవాలు మెంబర్లు: ముందు వైపు నుంచి రెండు వరసల మీద అతికించండి. ఒక జాయింట్ దగ్గర కలిసే రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా చివరలు కాస్త కోయండి. వాటి మధ్య గీతలు జాయింట్ చుక్క దగ్గరే కలవాలి. పక్కకు జరిగితే మనం లెక్కలో పెట్టని వంపు బలం పుడుతుంది. కంప్రెషన్ వాటికి రెండో పుల్ల పైన అతికించండి.

జిగురు పల్చగా, అంచుదాకా పూయండి. ఎక్కువ పోస్తే బలం పెరగదు, బరువు పెరుగుతుంది. ప్రతి అతుకుకూ బట్టల క్లిప్పు పెట్టండి. పట్టేసినట్టు అనిపించినా 24 గంటలు కదిలించొద్దు. వానాకాలంలో, విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో ఇంకో రోజు కలపండి. టెస్ట్‌కు ముందు రాత్రి అతికించిన వంతెన మీద మీ లెక్క ఏదీ పనిచేయదు.

రెండు ట్రస్‌లూ ఆరాక ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి, జాయింట్లన్నీ కలవాలి. తర్వాత 80 మి.మీ. వెడల్పున్న అట్టపెట్టెకు ఇరువైపులా నిలబెట్టి అడ్డ పుల్లలు అతికించండి. ఒక్క సి వదిలి మిగతా జాయింట్లన్నిటికీ. పై తలంలో మూడు గడుల్లోనూ ఏటవాలుగా ఒక్కో పుల్ల, రెండు చివరలా నిలువు చట్రంలో కూడా ఒక్కోటి.

ఈ అడ్డ పుల్లలను అలంకారం అనుకునేవాళ్లు ఉన్నారు. పుల్ల పల్చటి దిక్కు పక్కకే ఉంది, కాబట్టి అది వంగేదీ పక్కకే. మనం బక్లింగ్ పొడవు 100 మి.మీ. అని లెక్కేసింది ప్రతి పై జాయింటూ పక్కకు కదలకుండా ఉంటుందన్న నమ్మకంతో. అడ్డ పుల్లలు లేకపోతే పై వరస మొత్తం 300 మి.మీ. ఒకే పుల్లలా వంగుతుంది, బలం తొమ్మిదో వంతుకు పడిపోతుంది.

చతురస్రత చూడటానికి పై తలంలో రెండు కర్ణాలు కొలవండి. తేడా 2 మి.మీ. లోపు ఉండాలి. ఆరిపోయాక తూకం వేయండి. తడి జిగురుతో తూస్తే నీటి బరువు కూడా కలుస్తుంది. సుమారు 60 పుల్లలు పట్టే ఈ వంతెన 100 గ్రాముల దగ్గర ఉండాలి.

9. బరువు వేసి చూడండి

రెండు బల్లల మధ్య 380 మి.మీ. ఖాళీ ఉంచి వంతెన పెట్టండి. ఎ, ఇ జాయింట్లు సరిగ్గా బల్ల అంచు లోపలికి 10 మి.మీ. దగ్గర కూర్చోవాలి.

సి దగ్గర రెండు ఏటవాలు మెంబర్లు వి ఆకారంలో కలుస్తాయి. రెండు ట్రస్‌ల ఆ గాడుల్లో ఇనుప కడ్డీ పడుకోబెట్టి, కడ్డీ నడుముకు తాడు కట్టి బకెట్ వేలాడదీయండి. కడ్డీ బదులు ఐస్ పుల్ల పెట్టొద్దు. 80 మి.మీ. మధ్యలో 200 న్యూటన్లు పడితే పుల్ల నిలబెట్టి పెట్టినా విరుగుతుంది, వంతెన మాత్రం చెక్కుచెదరదు. ఆ టెస్ట్ లెక్కలోకి రాదు. తాడును జాయింట్ల మధ్య కింది పుల్లకు కట్టడం కూడా అంతే తప్పు.

బకెట్ నేలకు అరచెయ్యి ఎత్తులో ఉండాలి, కింద పాత పరుపు ముక్కో గోనెసంచో వేయండి. అందరూ కళ్లద్దాలు, బూట్లు వేసుకోవాలి. వంతెన కిందికి చెయ్యి పెట్టొద్దు, ఎంత నమ్మకం ఉన్నా సరే.

ఖాళీ బకెట్, తాడు, కడ్డీ ముందే తూచి కలుపుకోండి. తర్వాత లీటరు చొప్పున నీళ్లు పోయండి. లీటరు అంటే కిలో, ఇంతకంటే సులువైన తూకంరాయి లేదు. ప్రతి లీటరు తర్వాత 30 సెకన్లు ఆగి మూడు విషయాలు చూడండి:

- సి ఎంత కిందికి దిగింది? పక్కన నిలబెట్టిన స్కేలు మీద చదవండి. లెక్క ప్రకారం 20 కిలోలకు దిగాల్సింది పావు మిల్లీమీటరే. అతుకుల వదులు వల్ల ఒక మిల్లీమీటరు దాకా ఫర్వాలేదు. రెండు మూడు దిగితే జాయింట్లు జారుతున్నాయని అర్థం.
- పై వరస నిటారుగా ఉందా? ఒక చివర నుంచి కన్ను పెట్టి పొడవునా చూడండి. ఎటైనా విల్లులా వంగుతుంటే ఫొటో తీయండి.
- చప్పుడు. టిక్కుమంటే ఎక్కడో జిగురు ఊడింది. ఏ కిలో దగ్గరో రాసుకోండి.

మొత్తం 20 కిలోలు వచ్చాక ఒక నిమిషం ఆగండి. నిలబడితే మీ అవసరం తీరింది. విరిగేదాకా వెళ్లాలంటే 20 లీటర్ల బకెట్ చాలదు. ముందే తూచిన చిన్న ఇసుక సంచులు వాడండి, లెక్చరర్ దగ్గర ఉన్నప్పుడే. ఫోన్‌ను పక్కన నిలబెట్టి స్లో మోషన్‌లో రికార్డు చేయండి. విరిగే క్షణంలో ఏది ముందు పోయిందో కంటితో పట్టుకోవడం అసాధ్యం.

10. విరిగాక

ముక్కలు ఊడ్చేయకండి. వీడియో చూసి మొదట విరిగిన మెంబర్‌కు చీటీ అతికించి, మీరు సంతకం పెట్టిన కాగితం పక్కన పెట్టండి. విరిగిన తీరు చాలా చెబుతుంది. అతుకు ఊడి రెండు ముఖాలూ నున్నగా ఉంటే జిగురు సరిగా పట్టలేదు. ఒక ముఖం మీద రెండో పుల్ల పీచు అంటుకుని ఉంటే జిగురు గట్టిగానే ఉంది, చెక్కే పోయింది. జంట పుల్ల మధ్యలో విడిపోయి రెండూ చెరో పక్కకు వంగితే జిగురు పొడవునా పట్టలేదు, మీకు ఎనిమిది రెట్లకు బదులు రెండు రెట్లే వచ్చాయి.

అంచనా 45 ఉండి 38 దగ్గర అదే మెంబర్ పోతే చాలా మంచి ఫలితం. 45 ఉండి 45కే వేరే చోట విరిగితే మాత్రం సంబరపడకండి, అంకె యాదృచ్ఛికంగా కలిసింది, మీ అవగాహన కలవలేదు. వైవాలో నేను మార్కులు వేసేది ఆ తేడాను వివరించగలిగినవాళ్లకే. 60 కిలోలు మోసి కారణం చెప్పలేని గ్రూపు కంటే 22 కిలోలకు విరిగి ఎందుకో చూపించిన గ్రూపుకు ఎక్కువ ఇస్తాను.

రెండో వంతెనకు సమయం దొరికితే ఒక్క మార్పే చేయండి. బక్లింగ్ వల్ల పోయి ఉంటే 2-3 దగ్గర జంట పుల్లల మధ్య రెండు చోట్ల చిన్న ముక్కలు పెట్టి ఎడం ఇవ్వండి. జాయింట్ వల్ల పోయి ఉంటే ఆ జాయింట్‌కు వెనక వైపు కూడా అతుకు ముక్క వేయండి. బరువు ఎక్కువైతే టెన్షన్ మెంబర్లకేసి చూడండి, ఎ-బి లో ఉన్నది 28.9 మాత్రమే, అక్కడ పుల్లను సన్నం చేసుకోవచ్చు. రెండు మూడు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు, మళ్లీ ఇంకో ప్యాకెట్ పుల్లలు కొనాలి.